తాపదృఢ్ మేడమ్

ముత్తి ఫోన్ చేసి "మేడమ్ పోయింది" అన్నప్పుడు ఏ మేడమ్ అని నేను అడగలేదు. బస్తర్ ఇనుప గనుల టౌన్‌షిప్ మా బచేలిలో మేడమ్‌లకు కొదవ లేదు. ఆస్పత్రిలో ఉన్నారు, బ్యాంకులో ఉన్నారు, ప్రతి స్కూల్లోనూ ఉన్నారు. కానీ మా హిందీ మీడియం స్కూల్లో చదివిన పిల్లలకీ, అక్కడ పనిచేసిన మాకూ మేడమ్ అంటే ఆమె ఒక్కతే. పిల్లలు మాత్రం వెనకాల ఇంకో మాట కలిపి అనేవారు, తాపదృఢ్ మేడమ్ అని. నోరు తిరగనివాళ్ళు తాప్‌ద్రిఢ్ అనేవారు.

అది కెమిస్ట్రీ మాట. పన్నెండో తరగతి హిందీ పుస్తకంలో పాలిమర్ల పాఠంలో వచ్చేది. ప్లాస్టిక్కులు రెండు రకాలు. వేడి చేస్తే మెత్తబడి, చల్లారితే గట్టిపడి, మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ మెత్తబడేవి ఒక రకం. మన బకెట్లూ మగ్గులూ అవే. ఒకసారి వేడికి బిగుసుకుపోయాక ఇక ఎన్నటికీ మెత్తబడనివి రెండో రకం. కుక్కర్ పిడి, పాతకాలం నల్ల స్విచ్చి అలాంటివి. ఇంగ్లీషులో థర్మోసెట్టింగ్ అనే ఆ రెండో రకానికి హిందీ పుస్తకం పెట్టిన పేరు తాపదృఢ్.

నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని కాదు. లైబ్రరీ చూసుకునేదాన్ని. లైబ్రరీకీ ల్యాబుకీ మధ్య ఒక్కటే గోడ, ఆ గోడకు పైన రెండు గాలి కిటికీలు. అందుకని ఏటేటా ఆమె పాఠాలన్నీ నా చెవిన పడేవి. పాలిమర్ల పాఠం రోజు మాత్రం పని పక్కన పెట్టి వెళ్ళి గుమ్మంలో నిలబడేదాన్ని.

ఆ రోజు ఆమె సంచిలో పగిలిన మగ్గు ఒకటి, ఊడిన కుక్కర్ పిడి ఒకటి తెచ్చేది. స్పిరిట్ దీపం వెలిగించి మగ్గు ముక్కను పటకారుతో పట్టుకుని మంట మీద చూపేది. అది తల వాల్చేసేది. దాన్ని వంచి, మెలిపెట్టి, చల్లార్చి పిల్లలకు ఇచ్చేది. తర్వాత కుక్కర్ పిడి. పిల్లలు ఎదురుచూసేవారు. పిడి వంగదు, వాలదు. చాలాసేపు ఏమీ కాదు. ఆ తర్వాత అంచు నల్లబడి, పొక్కులెత్తి, ఆస్పత్రి ఫినాయిల్ లాంటి ఘాటు వాసన గదంతా నిండేది. "చూసిన్రా" అనేది ఆమె, ఉన్నట్టుండి తెలుగులోకి వచ్చేసి. ఆమెది భద్రాచలం వైపు. మనసు పెట్టి చెప్పేటప్పుడు హిందీ జారిపోయేది.

క్లాసులో తెలుగు తెలిసినవాళ్ళు నలుగురైదుగురే ఉండేవారు. ఒక ఏడాది ముత్తి వాళ్ళలో ఒకతె. ఎర్రబోరు దగ్గర పల్లె నుంచి హాస్టల్‌కి వచ్చిన దోర్ల తెగ పిల్ల. ఇంట్లో దోర్లీ మాట్లాడేది, తెలుగు అర్థమయ్యేది, పుస్తకంలోని హిందీ మాత్రం కొరుకుడు పడేది కాదు. ఆ పిల్ల కోసం మేడమ్ సాయంత్రం మా లైబ్రరీలో కూర్చుని మళ్ళీ చెప్పేది.

"దారాలు పక్కపక్కన పెడితే ఏమైద్ది? లాగితే జారిపోతయ్. అదే వల అల్లితే? ముడికి ముడి పడ్డాక ఏ దారం ఎటు పోతది?"

"పోదు మేడమ్."

"అంతే. వేడి ఆ ముళ్ళు వేస్తది. వేసినాక విప్పలేదు. ఇంకా వేడి చేస్తే దారమే కాలిపోద్ది గానీ ముడి ఊడదు."

మాటలను ఎలా పడితే అలా వాడితే ఆమెకు నచ్చేది కాదు. సంతలో కూరగాయలవాడు "బినా కెమికల్ కా పాలక్", కెమికల్ లేని పాలకూర అని అరిస్తే ఆగి, "పానీ భీ కెమికల్ హై భయ్యా", నీళ్ళూ కెమికలే అని పాఠం మొదలుపెట్టేది. వెనక జనం పోగయ్యేవారు. అతను కొత్తిమీర కట్ట ఒకటి ఊరికే సంచిలో వేసి దణ్ణం పెట్టేవాడు. ఎప్పుడూ ముదురు ఇటుకరంగు చీరలే కట్టేది. ఎందుకని అడిగితే, "కొండ మీది ధూళి ఎట్లాగూ ఆ రంగు చేస్తది. ముందే కట్టుకుంటే గొడవ లేదు" అనేది. నన్ను పిల్లా అని పిలిచేది. నాకు అప్పటికే నలభై దాటాయి.

ఆమెకు పిల్లల్లేరు. భర్త ఖనిజం జల్లెడ పట్టే ప్లాంటులో ఫోర్‌మన్. నెమ్మదైన మనిషి. సాయంత్రం ఇద్దరూ రోడ్డు మీద నడిచేటప్పుడు ఆమె మాట్లాడుతూనే ఉండేది, ఆయన తల ఊపుతూనే ఉండేవాడు.

ఒక వానాకాలం పొద్దున ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఇక్కడి డాక్టరు జగదల్‌పూర్ తీసుకెళ్ళమన్నాడు. అంబులెన్సులో వెనక ఆమె ఒక్కతే ఉంది. ఘాట్ దాటకముందే ఆయన పోయాడు. ఆమె డ్రైవరు భుజం తట్టి, "తొందర లేదు, వెనక్కి తిప్పు" అందట. డ్రైవరు ఆ మాట ఊరంతా చెప్పాడు. శవం ఇంటికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. దహనం నాడూ ఏడవలేదు, కర్మ నాడూ ఏడవలేదు. పెద్దకర్మ అయిన మర్నాడే స్కూలుకు వచ్చి, ఆగిపోయిన పాఠం ఆగిన వాక్యం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

స్టాఫ్ రూములో సంతాప సభ పెట్టారు. ప్రిన్సిపాల్ మంచివాడు, రాయ్‌పూర్ వైపు మనిషి. ఆయన హిందీలో ఆమె ధైర్యం గురించి చెప్పి చెప్పి, చివరికి ఆమె సబ్జెక్టు మాటతోనే ముగిస్తే బాగుంటుందనుకున్నాడు కాబోలు. "ఇలాంటి దెబ్బకు ఇంకెవరైనా కరిగిపోయేవారు. హమారీ మేడమ్ తో తాపదృఢ్ హైఁ" అన్నాడు.

ఆమె కుర్చీలోంచి లేచింది.

"గలత్ ప్రయోగ్ హై, సర్" అంది. మాటను తప్పుగా వాడారు అని.

ఆమె బల్ల అంచు పట్టుకుని, క్లాసులో చెప్పినట్టే హిందీలో చెప్పింది. "తాపదృఢ్ అంటే వేడిని తట్టుకునేది అని కాదు. చాలామంది అలాగే రాస్తారు, నేను మార్కులు కొట్టేస్తాను. ఒకసారి బిగుసుకున్నాక మళ్ళీ మెత్తబడలేనిది అని అర్థం. మళ్ళీ వేడి పెడితే కరగదు. మాడిపోతుంది." అలా చెప్పి కూర్చుంది.

గదిలో ముందు ఎవరో నవ్వారు, మెచ్చుకోలుగా. తర్వాత ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. భర్త పోయిన పక్షానికి పదాల అర్థం దిద్దగలిగిన మనిషి ఎంత గట్టిదో అనుకున్నారు. సాయంత్రానికల్లా పిల్లలకు తెలిసిపోయింది. మంగల్ అని ఒక అల్లరి పిల్లాడు ఉండేవాడు, రైల్వే గేటు దగ్గర టీకొట్టు నడిపే ఆవిడ కొడుకు. వాడే ఆమెకు తాపదృఢ్ మేడమ్ అని పేరు పెట్టాడు. వాడు గౌరవంగానే పెట్టాడు. అందరూ అలాగే పిలిచారు.

అప్పట్నుంచి టౌన్‌షిప్‌లో ఏ ఇంట్లో చావు కబురు చెప్పాల్సి వచ్చినా మేడమ్‌ని పిలవడం అలవాటైంది. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. "ఆమె గట్టిది, ఆమెను పంపండి" అనేవారు. జగదల్‌పూర్ నుంచి శవంతో పాటు రావడానికి ఆమె. మూర్ఛపోయిన తల్లి పక్కన కూర్చోవడానికి ఆమె. ఆమె ఎవరికీ రానని చెప్పేది కాదు. చెప్పులు వేసుకుని బయలుదేరేది.

ఒకసారి నన్నూ తోడు తీసుకెళ్ళింది. విజయనగరం నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి, మా వీధి చివరి క్వార్టర్లో ఉండేది. భర్త పొద్దుటి డ్యూటీలో కుప్పకూలి, ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. ఆ అమ్మాయికి ఇంకా తెలియదు. మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం. ఆ అమ్మాయి నవ్వుతూ తలుపు తీసింది.

"ఏం వండినవమ్మా?" అంది మేడమ్.

"పప్పు, బెండకాయ వేపుడండి."

"తిన్నవా?"

"ఆయన వచ్చాక తింటానండి. ఇంకాసేపట్లో వచ్చేస్తారు."

"నాకు ఆకలైతంది. నాకింత పెట్టి, నువ్వు కూడా పెట్టుకో. నేను ఒక్కదాన్నే తినలేను."

ఆ అమ్మాయి మొహమాటపడి ముగ్గురికీ వడ్డించింది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మేడమ్ మాత్రం తిన్నది. తింటూ అమ్మాయిని ఆ మాటా ఈ మాటా అడిగింది. వేపుడు కరకరలాడుతోందని మెచ్చుకుంది. కాస్త పెరుగు కూడా కలుపుకొమ్మని ఆమెకు తన చేత్తోనే వేసింది. ఆ అమ్మాయి చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చాక చాప మీద కూర్చోబెట్టుకుంది. రెండు చేతులూ పట్టుకుని అప్పుడు చెప్పింది. తిప్పి తిప్పి చెప్పలేదు. "అమ్మా, మీ ఆయన లేడు" అంది.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తర్వాత జరిగింది నేను రాయలేను.

సాయంత్రం తిరిగి వస్తూ దారిలో అడిగాను, మేడమ్, అంతసేపు ఎలా ఆపగలిగారు అని. చర్చి మలుపు దాటాక చెప్పింది.

"ఆ రోజు పొద్దుట్నించి నేను ఏం తినలేదు. కాఫీ కూడా లేదు. అంబులెన్సులో ఆయన పోయినప్పుడు నోరు తెరిచిన గానీ ఏం రాలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో ఏదో ఒకటి ఉండాల పిల్లా. తర్వాత తిన్నా రాలేదు. టైం అయిపోయింది."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మేవారు కాదు.

మా ఇంటి వరండాలోంచి ఆమె క్వార్టర్ కనబడేది. ఏ చావింటికో వెళ్ళొచ్చిన రోజున ఆమె లోపలికి వెళ్ళేది కాదు. గడప బయట మెట్టు మీద చెప్పులతోనే కూర్చునేది. దీపాలు పెట్టే వేళ దాటినా లేచేది కాదు. నేను టీ పట్టుకెళితే తాగేది, కప్పు ఇచ్చేసేది. రాను రాను చెయ్యి వణకడం మొదలైంది. ల్యాబులో అగ్గిపుల్ల నన్ను గీయమనేది. పుస్తకంలోంచి పాలిమర్ల పాఠం తీసేసిన ఏడాది కూడా ఆమె మగ్గు, కుక్కర్ పిడి తెచ్చింది. "పరీక్షలో రాదు కదా మేడమ్" అని ఒక పిల్ల అంటే, "రాదు. చూడు" అంది. అగ్గిపుల్ల నేనే గీశాను.

మంగల్ పన్నెండో తరగతి అయ్యాక పోలీసుల్లో చేరాడు. మా వైపు చదువుకున్న కుర్రాళ్ళకు ఉన్న దారులు కొన్నే. సెలవు మీద వచ్చినప్పుడల్లా స్కూలుకు వచ్చి ల్యాబు గుమ్మంలో నిలబడి సెల్యూట్ కొట్టేవాడు. "ఏంది, బరువు తగ్గినవ్" అనేది ఆమె తెలుగులో. వాడికి తెలుగు రాదు. అయినా నవ్వేవాడు.

ఒక వేసవి మధ్యాహ్నం కబురు వచ్చింది. బీజాపూర్ అవతల అడవి దారిలో మందుపాతర పేలింది. పోయినవాళ్ళలో మంగల్ ఉన్నాడు. వాళ్ళమ్మ గేటు దగ్గర టీ కాస్తూనే ఉంది. ఆమెకు ఫోను లేదు. ప్రిన్సిపాల్, ఇంకో ఇద్దరు మాస్టర్లు, నేను మేడమ్ ఇంటికి వెళ్ళాం. అందరికీ తోచిన దారి అదొక్కటే.

ఆమె బట్టలు మడతపెడుతోంది. ప్రిన్సిపాల్ విషయం చెప్పాడు. ఆమె చేతిలో ఉన్న చీరను మడత పూర్తిచేసి మంచం మీద పెట్టింది.

"మై నహీఁ ఆవూఁగీ" అంది. నేను రాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు. "మేడమ్, వాడు మీ స్టూడెంట్. మీరు కాకపోతే ఇంకెవరు చెప్పగలరు? మావల్ల కాదు. మాకు ఏడుపొచ్చేస్తుంది."

"అందుకే మీరు వెళ్ళండి" అంది ఆమె. "ఆమెకు ఏడ్చేవాళ్ళు కావాలి. నన్ను ఇంక ఎక్కడికీ పిలవకండి."

ఆ గొంతు పెద్దదేం కాదు. కానీ నేను అంతకుముందు ఎన్నడూ వినని గొంతు. తర్వాత తలుపు వేసుకుంది. మేమే వెళ్ళాం. ప్రిన్సిపాల్ టీకొట్టు దగ్గర సగం మాట చెప్పి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మంగల్ తల్లి ఆయన్ను చూసి విషయం గ్రహించింది.

ఆ తర్వాత ఊళ్ళో మేడమ్ గురించి మాట మారింది. అంత రాతి గుండె ఏమిటన్నారు. పిల్లాడు చచ్చిపోతే గడప దాటలేదన్నారు. ఇన్నేళ్ళు మెచ్చుకున్న నోళ్ళే అవి. ఆమె చెవిన పడ్డా పట్టించుకున్నట్టు కనబడలేదు. ఇంకా సర్వీసు ఉండగానే రాజీనామా ఇచ్చి క్వార్టర్ ఖాళీ చేసింది. భద్రాచలంలో తమ్ముడు రమ్మన్నాడు. దంతెవాడ ట్రైనింగుకు వచ్చిన ముత్తి ఆమెను చూడ్డానికి వచ్చింది. అప్పటికి ముత్తి తన ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నర్సు.

"కొన్ని దినాలు మా ఇంట్ల ఉండి పోండి మేడమ్, దారిలనే కదా" అంది. సామాను ఆటోలో ఎక్కిస్తుంటే మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఉంటా పిల్లా" అంది. అంతే. ఆ కొన్ని దినాలు రెండేళ్ళు దాటాయి. ఆమె భద్రాచలం వెళ్ళలేదు. ముత్తి ఫోన్ చేసినప్పుడు పక్కనుంచి బాగున్నానని మాత్రం చెప్పేది.

జ్వరంతో పోయిందట. ముత్తి సూది వేసింది, సెలైన్ పెట్టింది, కొంటా ఆస్పత్రికి తీసుకుపోదామంటే వద్దందట. తమ్ముడు వచ్చి శవాన్ని గోదావరికి తీసుకెళ్ళాడు. నాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. అయినా వెళ్ళాలనిపించింది. స్కూలు సెలవులివ్వగానే దంతెవాడలో బస్సు మారి, సుక్మా మీదుగా వెళ్ళాను. హైవే మీద దిగితే ముత్తి బండి తెచ్చి ఎదురుచూస్తోంది.

వాళ్ళ ఇంటి ముందు వాకిట్లో ఇప్పపూలు ఎండబోశారు. ముత్తి వాళ్ళమ్మ కర్రతో వాటిని కలియబెడుతోంది. నేను బచేలి నుంచి వచ్చిన మేడమ్ స్నేహితురాలినని ముత్తి చెప్పింది. ఆవిడ కర్ర పక్కన పెట్టి, నన్ను చూసి, ఒక్కసారిగా బావురుమంది. అంత పెద్దగా ఏడుస్తూనే నన్ను పీట మీద కూర్చోబెట్టింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, నీళ్ళిచ్చి, తెలుగులోనే మాట మొదలుపెట్టింది.

"వచ్చిన కొత్తల పలికేది కాదు. ఒకనాడు మా కోడిపిల్లను ముంగిస ఎత్కపోయింది. గదేముంది! దానికి ఏడ్సింది సూడమ్మా. ఆపితే ఆగదు. పొద్దుగూకేదాంక ఏడ్సింది. నాకు బయమేసి నేను గూడ కూసొని ఏడ్సిన."

ముత్తి నేల చూపులు చూస్తూ అంది, "నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఇక్కడే కూర్చుని ఉన్నారు. ఏమైందంటే అమ్మ కోడిపిల్ల అంటుంది."

"ఆ కాన్నించి గంతే" అంది వాళ్ళమ్మ. "ఊళ్ళ ఎవలింట్ల సావైనా మేమే పిల్సుకపోయేది. మా ఆడోళ్ళ నడుమ కూసునేది. మా పాట రాదు, మాట సగమే తెలుసు. అయినా మాకంటే ముందు ఆమెనే ఏడ్సేది. ఆమె ఏడిస్తే సచ్చినోళ్ళ తల్లికి గూడ ఏడుపొచ్చేది. శానా మెత్తటి మనిషి."

నేను ఇప్పపూల వైపు చూస్తూ కూర్చున్నాను. ముత్తి లోపలికి వెళ్ళింది. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మీ కాడ ఎట్లుండేదమ్మా ఆమె? గిట్లనే అందరికీ ఏడ్సేదా?"

ఇన్నేళ్ళు గోడ అవతల కూర్చుని విన్నదాన్ని.

"పిల్లలకు చదువు బాగా చెప్పేదమ్మా" అన్నాను.